నాలుగో పాయింటు

ఫిబ్రవరి 2, సోమవారం

ఈ పుస్తకం మా ఆయన కళ్ళజోళ్ళ షాపులోది. ప్రతి పేజీకి నడిమధ్యన ఒక గీత, దానికి ఒక పక్క "కుడి కన్ను", ఇంకో పక్క "ఎడమ కన్ను" అని అచ్చు. షాపులో లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాక ఇలాంటివి డజను పుస్తకాలు మిగిలిపోయాయి. "పారేయనా, ఉంచనా?" అని నన్ను అడిగారు. ఆయన అడిగే ప్రశ్నలన్నీ ఇలాగే ఉంటాయి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి "ఇది బాగా కనిపిస్తోందా, ఇదా?" అని అడగడమే ఆయన పని. ఇంటికొచ్చాక మాత్రం ఏ విషయమూ తేల్చి చెప్పరు. నేను ఒక పుస్తకం తీసుకున్నాను.

డైరీ ఎందుకంటే, ఈ నెల నాకు చాలా ముఖ్యం. ఇరవయ్యో తారీఖున స్కూలు కమిటీ కూర్చుంటుంది. రెండో అంతస్తులో పాత టైపు మిషన్ల గది ఖాళీ అయింది. దాన్ని ఎవరికివ్వాలో ఆ రోజు తేలుస్తారు. అడిగినవాళ్ళం ఇద్దరం. వాలీబాల్ జట్టు తరఫున ఆటల మాస్టారు, వక్తృత్వ జట్టు తరఫున నేను.

నేను చెప్పేది లెక్కలు. వక్తృత్వం నా నెత్తిన పడ్డది. ఆరేళ్ళ క్రితం స్టాఫ్ మీటింగులో పెద్ద మేడమ్ "డిబేటు పిల్లల్ని ఎవరైనా చూసుకోండమ్మా" అనగానే అందరూ తలలు దించుకున్నారు. సరిగ్గా అప్పుడే నాకు తుమ్ము వచ్చి తల పైకెత్తాను. అంతే, నేనే కోచ్‌ని.

అప్పటి నుంచి మెట్ల కింద మా సాధన. మెట్ల కింద అంటే నిజంగా మెట్ల కిందే. ఒక పక్క వలల్లో వేలాడే బంతులు, ఒక పక్క చుట్టలు చుట్టిన చాపలు, మూల నాలుగు ఈటెలు. పైకప్పు ఏటవాలు. ముందు నిలబడేవాళ్ళు నిటారుగా ఉండొచ్చు, వెనక్కి పోయేకొద్దీ వంగాలి. ప్రతిపక్షం ఎప్పుడూ వెనకే నిలబడుతుంది కాబట్టి, మా స్కూల్లో ఆరేళ్ళుగా ప్రతిపక్షం నడుం వంచే మాట్లాడుతోంది.

మాకు గది కావాలి. గది తలుపు మీద జట్టు పేరుతో ఒక బోర్డు కావాలి. బోర్డు నా కోసం కాదు, పిల్లల కోసం. నాకు గుర్తింపు మీద మోజు లేదు. ఈ మాట ముందే ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఫిబ్రవరి 3, మంగళవారం

పోయిన ఏడాది స్కూలు నివేదిక మళ్ళీ తిరగేశాను. వాలీబాల్‌కి నాలుగు పేజీలు, ఏడు ఫొటోలు. ఒక ఫొటోలో మనుషులే లేరు, ఉత్త వల. మేము "ఇతరములు" అన్న శీర్షిక కింద, తోటకి కొత్త నీళ్ళ గొట్టం వచ్చిన సంగతి తర్వాత ఉన్నాం. "వక్తృత్వ జట్టు కూడా పోటీలలో పాల్గొన్నది."

పాల్గొన్నదా? గెలిచి షీల్డు తెచ్చాం! ఆ షీల్డుని ఆఫీసు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. రోజూ సంతకం పెట్టడానికి వెళ్తే నా చెప్పు దానికి తగులుతుంది.

నాకేం బాధ లేదు. ఉన్న సంగతి రాశాను. ఆ నివేదికలో నా పేరు ఎక్కడా లేదు. పేరు కోసం వెతకలేదు. వరసగా చదువుకుంటూ పోతే లేదని తెలిసింది. రెండుసార్లు చదివాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఈవేళ సాధనకి అంశం: హోంవర్కు ఎత్తెయ్యాలి.

పక్షాలు ఎప్పటిలాగే సుద్దముక్కతో తేల్చాం. నేను రెండు గుప్పిళ్ళు ముందుకు చాపుతాను. సుద్ద ఉన్న చెయ్యి తడితే అనుకూలం, ఖాళీ చెయ్యి తడితే ప్రతికూలం. ఏ పక్షం వస్తే ఆ పక్షానికి ప్రాణం పెట్టి మాట్లాడాలి. "మీ సొంత అభిప్రాయం ఇంట్లో పెట్టి తాళం వేసి రండి" అని ఆరేళ్ళుగా నూరిపోస్తున్నాను.

మా జట్టులో ఇద్దరి గురించి రాయాలి. తొమ్మిదో తరగతి అమ్మాయిని అందరూ "అయితే" అంటారు. ఏం చెప్పినా "అయితే మేడమ్..." అని మొదలుపెడుతుంది. ఆ మాట దాని నోట్లోంచి వచ్చిందంటే ఎదుటివాడి వాదన అక్కడితో సరి. రెండో పిల్లని "రెండోది" అంటారు. "రెండోది ఏంటంటే..." అని మొదలుపెట్టి, మొదటిది ఏమిటో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఈవేళ అయితేకి ఖాళీ చెయ్యి వచ్చింది. హోంవర్కు ఉండాలని మాట్లాడింది. ఎంత బాగా మాట్లాడిందంటే, అయిపోయాక రెండోది నా దగ్గరికొచ్చి ఇంకో రెండు లెక్కలు ఎక్కువ ఇమ్మని అడిగి తీసుకుపోయింది.

ఇలాంటి పిల్ల ఉన్నాక గది రాకుండా ఎలా ఉంటుంది?

ఫిబ్రవరి 9, సోమవారం

ఆటల మాస్టారు మనిషి చెడ్డవాడు కాదు. మెడలో ఈల లేకుండా నేనెప్పుడూ చూడలేదు. పిల్లలు ఆయన్ని ఈల సారు అంటారు. మాకు స్టాప్‌వాచ్ అరువిచ్చేది ఆయనే. మా సాధన జరుగుతున్నంతసేపూ పక్కన స్టూలు మీద కూర్చుని బంతులకి గాలి కొడుతుంటారు. ప్రతి వాక్యానికీ వెనకాల ఒక "బుస్సు". మా పిల్లలు ఆ బుస్సు చూసుకుని ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకున్నారు.

ఈవేళ పంపు ఆపి అన్నారు: "మేడమ్, నాకొక్కటి చెప్పండి. మీవాళ్ళు మాట్లాడతారు, మావాళ్ళు ఆడతారు. చెమట ఎవరికి పడుతుంది? చెమట పట్టినవాళ్ళకే కదా గది."

ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే ఒకదాని వెనక ఒకటి ఆరు జవాబులు తట్టాయి. అన్నీ గిన్నెలకే చెప్పాను. మా ఆయన తుడుస్తూ అంతా విని, "ఆయన అన్నదీ సబబే, నువ్వు అన్నదీ సబబే" అన్నారు.

అత్తయ్య హాల్లోంచి కేకేశారు. "ఏమ్మా, గదిచ్చారా?"

"ఇరవయ్యో తారీఖున అత్తయ్యా."

"ఓహో" అన్నారు. రేపు మళ్ళీ అడుగుతారు.

ఫిబ్రవరి 12, గురువారం

బోర్డు రాయించడానికి ఇచ్చేశాను. తొందరపడ్డానని ఎవరైనా అనొచ్చు. ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎవరూ అనరు. స్కూలు గేటుకెదురుగా ఉన్న బోర్డుల పెయింటరు పని ఒప్పుకుంటే పన్నెండు రోజులు పడుతుందన్నాడు. గదిలోకి మారే రోజున బోర్డు లేకపోతే ఎలా? బెల్లు కొడుతుంటే నిలబడే చీటీ మీద రాసిచ్చాను. నీలం మీద తెల్ల అక్షరాలు.

జట్టు పేరు ఒక్కటే రాయమన్నాను. కింద కోచ్ పేరు రాయాలా అని అతనే అడిగాడు. అక్కర్లేదన్నాను. మళ్ళీ అడుగుతాడేమో అని కాసేపు నిలబడ్డాను. అడగలేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

అత్తయ్య అడిగారు. ఇంకా లేదన్నాను.

ఫిబ్రవరి 16, సోమవారం

కమిటీ ముందు మాట్లాడేది మా అయితే. నిర్ణయం అయిపోయింది. నేను మాట్లాడకూడదు. నేను మాట్లాడితే గది నా కోసం అడిగినట్టు ఉంటుంది.

ఈ పుస్తకానికి గీత ఉండటం పనికొచ్చింది. కుడి కన్ను కింద మా వాదనలు రాశాను: నిటారుగా నిలబడే చోటు, బ్లాక్‌బోర్డు, పుస్తకాల అర, పైనుంచి చప్పుడు లేకపోవడం. ఎడమ కన్ను కింద అవతలివాళ్ళు ఏమంటారో రాయాలి. చెమట అని రాశాను. ఇంకేం తోచలేదు. ఎడమ కన్ను దాదాపు ఖాళీ. గెలిచినట్టే.

ఫిబ్రవరి 19, గురువారం

రేపే.

ఫిబ్రవరి 20, శుక్రవారం

రాయను.

ఫిబ్రవరి 21, శనివారం

లేదు, రాస్తాను.

కమిటీలో ఐదుగురు. మధ్య కుర్చీలో రిటైరైన జడ్జిగారు, ఆయన పక్కన పెద్ద మేడమ్, మిగతా ముగ్గురూ తల ఊపేవాళ్ళు. మా అయితే లేచి వాదన చెప్పింది. చక్కగా చెప్పింది. ముగ్గురూ తల ఊపారు. నేను మనసులో బోర్డుకి మేకులు కొట్టేశాను.

తర్వాత ఈల సారు లేచారు. నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. ముందు రోజు మ్యాచ్‌లో అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది. ఈల ఊది చూపించారు, దాన్ని వాదన కింద రాసుకోలేమని జడ్జిగారు అన్నారు.

నాకు లోపల చెప్పలేనంత సంతోషం వేసింది. ఇక్కడ రాసుకోవచ్చు కదా.

"రెండు పక్షాలూ వినకుండా తేల్చడం నా వల్ల కాదమ్మా" అన్నారు జడ్జిగారు. "ముప్పై ఏళ్ళ అలవాటు. మాస్టారి తరఫున ఎవరైనా మాట్లాడాలి."

ఎవరూ లేవలేదు. అక్కడితో ఊరుకోవచ్చు. నోరు మూసుకుని కూర్చుంటే ఈపాటికి గది మాది. కానీ నేనే లేచాను. నేనే అన్నాను, నవ్వుతూ, చెయ్యి తిప్పుతూ: "మా పిల్లలు ఏ పక్షమైనా మాట్లాడతారండీ! కావాలంటే ఈ అమ్మాయినే అడగండి."

మా అయితే నా వైపు చూసింది. నిజంగానా అన్నట్టు కళ్ళు పెద్దవి చేసింది. నేను దర్జాగా తల ఊపాను. అది లేచింది. "అయితే..." అంది.

ఈసారి ఎదుటివాళ్ళం మేమే.

అంతకుముందు తను కట్టిన వాదనని తనే ఉతికి ఆరేసింది. ఒకటి: వాదించడానికి కావలసింది రెండు నోళ్ళు, నాలుగు చెవులు. వాలీబాల్‌కి వల కావాలి, బంతులు కావాలి, తడిసిన చొక్కాలు ఆరేసుకునే చోటు కావాలి. మా నోళ్ళు మేం ఎక్కడికైనా మోసుకుపోగలం. రెండు: నెత్తి మీద మూడొందల మంది దడదడా మెట్లు దిగుతుంటే మేం మాట్లాడటం నేర్చుకున్నాం. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెంచారంటే, పోటీలో ఎవరైనా దగ్గితే చాలు ఆగిపోతాం. మూడు: మేం వంగి సాధన చేస్తాం. పోటీలో నిటారుగా నిలబడేసరికి గొంతు దానంతటదే లేస్తుంది. మా రహస్యం అదొక్కటే, దాన్ని మా దగ్గర్నుంచి లాక్కోకండి. నాలుగోది ఏదో చెప్పింది, గుర్తులేదు.

అది కూర్చోగానే నేను చప్పట్లు కొట్టాను. ఆరేళ్ళ అలవాటు. ఎవరు బాగా ముగించినా నా చేతులు వాటంతటవే లేస్తాయి.

"కోచ్ గారే ఒప్పుకున్నాక ఇంకేముంది?" అన్నారు జడ్జిగారు. ముగ్గురూ తల ఊపారు. గది వాలీబాల్‌కి వెళ్ళిపోయింది. మినిట్స్ పుస్తకంలో "వక్తృత్వ కోచ్ హర్షధ్వానాలతో సమ్మతించిరి" అని ఎక్కించారు. ఈల సారు మా అయితే దగ్గరికి వెళ్ళి, గొంతు లేదు కాబట్టి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు.

ఫిబ్రవరి 23, సోమవారం

నాకు కోపం లేదు.

కడుపునొప్పిగా ఉందని ఈవేళ సాధన మానేశాను. క్లాసులో అయితేతో మాట్లాడాను కూడా. "బోర్డు తుడువు" అన్నాను. తుడిచింది. బాగా తుడిచింది.

"తలనొప్పా, కడుపునొప్పా?" అన్నారు మా ఆయన. రెండూ అన్నాను.

అత్తయ్య అడిగారు. లేదన్నాను. "రేపిస్తారులే" అన్నారు. ఆవిడకి చెప్పే ఓపిక నాకు లేదు.

ఫిబ్రవరి 24, మంగళవారం

పెయింటరు బోర్డు తెచ్చాడు. వద్దని చెప్పడం మర్చిపోయాను. ఆఫీసు వరండాలో అందరూ చూస్తుండగా కాగితం విప్పాడు. నీలం మీద తెల్లగా, మెరుస్తూ, ఎంతో ముద్దుగా ఉన్నాయి అక్షరాలు.

వక్రత్వ జట్టు.

నేను రెండుసార్లు చదివాను. వక్రత్వం అంటే వంకర. వంకర జట్టు!

"ఇదేంటయ్యా? వక్తృత్వం కదా!"

"అదే రాశానమ్మా."

"క కింద త ఒత్తు ఏది? వట్రసుడి ఏది?"

అతను జేబులోంచి నా చీటీ తీశాడు. మడతలు విప్పి నా చేతిలోనే పెట్టాడు. "ఇది మీ చేతిరాతే కదమ్మా? ఇందులో త ఒత్తు ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. దిద్దేసి వెళ్తా."

చూశాను. క కింద ఒక కొక్కెం ఉంది. బెల్లు కొడుతుంటే నిలబడి రాసిన కొక్కెం. నా కంటికి అది త ఒత్తూ వట్రసుడీ కలిసినట్టుంది. ఇంకెవరి కంటికైనా శుద్ధమైన క్రావడి.

"వక్రత్వ జట్టని స్కూల్లో ఎవరైనా పెడతారా? కాస్త ఆలోచించొద్దూ?"

"అమ్మా, పోయిన వారం ఒకాయన తన దుకాణానికి 'మాసిన బట్టలు' అని రాయమన్నాడు. రాశాను. రాసింది రాయడం నా పని. అర్థాల జోలికి పోతే నేను బతకలేను."

ఆరేళ్ళు డిబేటు కోచ్‌ని, రెండు నిమిషాల్లో పెయింటరు చేతిలో చిత్తుగా ఓడిపోయాను. గది లేదు. ఉన్న బోర్డు వంకరది. దాన్ని గోడ వైపు తిప్పి ఆఫీసు మూలన పెట్టి వచ్చాను. వస్తుంటే షీల్డు కాలికి తగిలింది.

ఫిబ్రవరి 25, బుధవారం

నడుంనొప్పిగా ఉందని సాధన మానేశాను. మా అయితే స్టాఫ్ రూముకి వచ్చింది.

"మేడమ్, నన్ను తిట్టండి."

"ఎందుకు తిట్టాలి? నీకు ఆ పక్షం వచ్చింది, నువ్వు మాట్లాడావు. నేర్పింది నేనేగా."

"అయితే మరి నాతో ఎందుకు మాట్లాడట్లేదు?"

కాగితాలు దిద్దుతున్నట్టు తల వంచుకున్నాను. దిద్దడం అయిపోయిన కాగితాలే.

"నాలుగో పాయింటు వల్లేనా మేడమ్?"

"నాలుగో పాయింటు నాకు గుర్తులేదు."

"అయితే మళ్ళీ చెప్పనా?"

"వద్దు!" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. చరిత్ర మాస్టారు నిద్రలోంచి లేచారు.

ఫిబ్రవరి 26, గురువారం

గుర్తుంది. మొత్తం గుర్తుంది.

నాలుగు: "అయ్యా, అసలు సంగతి ఏంటంటే, ఈ గది మాకు అక్కర్లేదు. మా మేడమ్‌కి కావాలి. అదీ గది కోసం కాదు, తలుపు మీద బోర్డు కోసం. మా స్కూలు నివేదికలో వాలీబాల్ వలకి ఫొటో ఉంది. మా మేడమ్ పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆవిడ ఏటేటా నివేదిక తెచ్చుకుని మా ముందే కూర్చుని వెతుక్కుంటారు. మేం చూడట్లేదు అనుకుంటారు. ఒక్క పేరు కోసం అంత గది ఎందుకండీ? ఆ పేరేదో ఎక్కడో ఒకచోట రాయించండి. జానెడు చోటు సరిపోతుంది."

అందరూ నవ్వారు. పెద్ద మేడమ్ నవ్వారు, జడ్జిగారు నవ్వారు, ఈల సారు చప్పుడు లేకుండా నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. కానీ నా చెవులు వేడెక్కాయి.

చప్పట్లు అలవాటు కొద్దీ కొట్టానని శనివారం రాశాను. అబద్ధం. ఆ నవ్వు నాకు వినిపించకూడదని కొట్టాను. గది నా చప్పట్లకే పోయింది.

ఆ పిల్లకి గెలవడం కోసం ఆ మాట అక్కర్లేదు. మూడు పాయింట్లకే గెలిచేసింది. మరి నాలుగోది ఎందుకు చెప్పినట్టు? పొద్దుటి నుంచి ఇదే ఆలోచిస్తున్నాను. ఖాళీగా ఉన్న ఎడమ కన్ను కింద నేను రాయాల్సింది అదే. నాకు తోచలేదు. దానికి తోచింది.

నాకు ఆ పేరు కావాలి. రాసేశాను. చాలా కావాలి.

ఫిబ్రవరి 27, శుక్రవారం

నా డైరీలో నేనే అబద్ధాలు రాసుకోవడం ఏమిటి, చదివేది ఎవరని?

మార్చి 2, సోమవారం

నొప్పులన్నీ అయిపోయాయి, ఇంకేం మిగల్లేదు. సాధనకి వెళ్ళాను.

మెట్ల కిందికి వంగి చూస్తే ఏమీ లేదు. బంతులు లేవు, చాపలు లేవు, ఈటెలు లేవు. ఈల సారు తన సామానంతా పై గదికి ఎక్కించేశారు. వల తగిలించే కొక్కేలు మాత్రం గోడకి మిగిలాయి. ఆ చోటు ఇంత పెద్దదని ఆరేళ్ళలో నాకు తెలియదు. పది మంది పడతారు. గది ఆయనకి వెళ్తే ఈ చోటంతా మాకు మిగులుతుందని కమిటీలో ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

"నీకు ముందే తెలుసా?" అని అయితేని అడిగాను.

"లేదు మేడమ్. నాకు ఆ పక్షం వచ్చింది, అంతే." ఒట్టు వేస్తున్నట్టు గొంతు పట్టుకుంది. నమ్మాలో వద్దో తేల్చుకోలేదు.

అక్కడ పెయింటరు కూడా ఉన్నాడు, డబ్బా, కుంచె పట్టుకుని. గోడ కొక్కేనికి నా బోర్డు వేలాడుతోంది. ఆఫీసు మూల నుంచి దాన్ని ఈల సారు మోసుకొచ్చారట. తప్పు దిద్దమని పిల్లలు పెయింటర్ని పిలిచారు. అతను కుంచె ముంచాక, దిద్దాలా వద్దా అని వాళ్ళలో వాళ్ళకే పేచీ వచ్చింది. ఇంకేముంది, సుద్దముక్క తీశారు. అయితేకి "దిద్దాలి" వచ్చింది. రెండోదానికి "దిద్దకూడదు".

నేను వెళ్ళేసరికి మా అయితే ముగించింది. రెండోది లేచి, గొంతు సవరించుకుని, "మొదటిది ఏంటంటే" అంది.

అందరం ఒక్కసారి దాని వైపు తిరిగాం. పెయింటరుకి ఏమీ తెలియకపోయినా అతనూ కుంచె ఆపాడు.

"మొదటిది ఏంటంటే, ఇందులో తప్పేం లేదు. మేం వంగే కదా మాట్లాడతాం. వక్తృత్వ జట్లు ఊరినిండా ఉన్నాయి. వక్రత్వ జట్టు ఒక్కటే ఉంది."

రెండో పాయింటు లేనే లేదు. అక్కర్లేకపోయింది. మా అయితే ఓడిపోయింది. నాకు తెలిసి ఇదే మొదటిసారి. దాని మొహం చూస్తే ఓడినట్టు లేదు, అయినా నేను అడగలేదు. చప్పట్లు కొట్టాను. ఈసారి నిజంగానే అలవాటు కొద్దీ.

"అయితే దిద్దొద్దా?" అన్నాడు పెయింటరు. "మరి కింది లైను కూడా ఉంచనా?"

అప్పుడు చూశాను. బోర్డు అడుగున ఇంకా ఆరని తెల్ల రంగులో, చిన్న అక్షరాల్లో, "నేర్పువారు" అని ఉంది. దాని పక్కన నా పేరు.

ఎవరు చెప్పారని అడిగితే, "ఈ పాపే. జానెడు చోటు ఉంది కదా అంది" అని అయితేని చూపించాడు.

ఏదో అనబోయాను. ఈల సారుకి గొంతు తిరిగొచ్చింది కాబట్టి ఆయనే మాట్లాడారు. "మేడమ్, పైన గదిలో ఉత్త నిశ్శబ్దం. బంతికి గాలి కొడుతుంటే నా బుస్సు నాకే వినిపిస్తోంది. బాగోలేదు. సాయంత్రాలు పంపు ఇక్కడికే తెచ్చుకుంటాను, మీకేమైనా అభ్యంతరమా?" అని, చంకలోంచి ఒక వస్తువు తీసి గోడ వారగా పెట్టారు. మా షీల్డు. ఆఫీసు తలుపుకి ఇప్పుడు గాలి పోయిన వాలీబాల్ అడ్డం పెట్టారట.

పెయింటరు నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఈసారి కాస్త భయంగానే అడిగాడు. "పేరు సరిగ్గా ఉందా అమ్మా? ఈసారి చీటీ లేదు, పాప నోటితో చెబితే రాశాను."

నా పేరులో ఒక ఒత్తు ఎగిరిపోయింది. మొదటి చూపులోనే కనిపించింది.

"సరిగ్గా ఉంది" అన్నాను.

ఇంటికి రాగానే అత్తయ్య అడిగారు. "గదిచ్చారా?"

"గదివ్వలేదు అత్తయ్యా. బోర్డిచ్చారు."

"గది లేకుండా బోర్డేం చేసుకుంటావే?" అని ఆవిడ చాలాసేపు ఆశ్చర్యపోయారు. ఫోనులో ఫొటో చూపించాను. మా ఆయన కళ్ళజోడు పైకెత్తి, కిందికి దించి, దగ్గరగా చూసి, దూరంగా చూసి, "నీ పేరులో ఒత్తు లేదు" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన ఒక్క మాట తేల్చి చెప్పడం ఇదే మొదటిసారి.

"చూశాను."

"మరి చెప్పలేదా?"

"నాకు బాగానే కనిపిస్తోంది" అన్నాను.

మార్చి 3, మంగళవారం

పొద్దున్న ఆరో తరగతి పిల్లలు ముగ్గురు మెట్ల కింద నిలబడి, బోర్డు కూడబలుక్కుని చదివి, "మేడమ్, ఇక్కడ వక్రత్వం నేర్పుతారా?" అని అడిగారు. నేర్పుతాం, సాయంత్రం రమ్మన్నాను. ముగ్గురూ పొట్టివాళ్ళే. వెనక వరసకి వంగక్కర్లేదు.

నా క్లాసులన్నీ కింది అంతస్తులోనే. అయినా ఈవేళ ఆ బోర్డు పక్క నుంచి మెట్లు ఆరుసార్లు ఎక్కి దిగాను. నడక మంచిదని డాక్టరు ఎప్పుడో చెప్పారు.